సావిత్రికి, ఎస్వీ రంగారావుకి జాతీయ ఉత్తమ నటన అవార్డు ఎందుకు రాలేదు?

మీ ప్రశ్న ఇదీ. మీ ఊరి గ్రంథాలయంలో సావిత్రి, ఎస్వీ రంగారావుల ఫొటోల ప్రదర్శన పెడుతున్నారు. ఒక్కో ఫొటో కింద వాళ్లకొచ్చిన అవార్డులు రాద్దామనుకున్నారు. తీరా వెతికితే జాతీయ ఉత్తమ నటి, ఉత్తమ నటుడు జాబితాల్లో ఆ పేర్లు లేవు. నంది ఉత్తమ నటుల జాబితాలోనూ లేవు. పాత పోస్టర్ల మీద మాత్రం "రాష్ట్రపతి బహుమతి పొందిన చిత్రం" అని కనిపిస్తోంది. ఆ బహుమతి ఎవరికిచ్చినట్టు, మనవాళ్లకి ఎందుకివ్వనట్టు, తెలుగువాళ్లని ఢిల్లీ చిన్నచూపు చూసిందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. వాళ్లిద్దరూ శిఖరం మీదున్న రోజుల్లో నటనకి జాతీయ అవార్డు అనేదే లేదు. అది మొదలైంది 1967 సినిమాలతో. నంది అయితే నటీనటులకి 1977 సినిమాలతో మొదలైంది. అంతకుముందు రెండూ సినిమాకే ఇచ్చేవారు తప్ప అందులో నటించినవాళ్లకి కాదు. కాబట్టి ఆ జాబితాల్లో పేరు లేదంటే ఎవరో పక్కన పెట్టారని అర్థం కాదు. చిన్నచూపు అనేది అసలు లేదని మాత్రం నేను అనను. అది మీరు వెతుకుతున్న చోట లేదు, ఇంకోచోట ఉంది. దానికి కూడా వస్తాను.

పత్రికలో చాలాకాలం సినిమా పేజీ చూసినవాణ్ణి. పాటల పుస్తకాలు, పాత సినిమా పత్రికలు, శతదినోత్సవ సంచికలు ఇల్లంతా పేర్చుకున్నాను. సన్మాన సభలు పెట్టేవాళ్లు, పరిశోధన చేసే పిల్లలు ఇలాంటి సందేహాలతో తరచూ ఫోన్ చేస్తుంటారు. వాళ్లందరికీ ముందు చెప్పే మాట ఒకటే. ఫలానా వారికి అవార్డు వచ్చిందా రాలేదా అని చూసే ముందు, ఆ ఏడాది ఆ అవార్డు ఉందా లేదా అని చూడండి.

ఇప్పుడు వివరంగా.

జాతీయ చలనచిత్ర పురస్కారాలు మొదలైనప్పుడు వాటి పేరు "స్టేట్ అవార్డ్స్ ఫర్ ఫిలిమ్స్". ఇచ్చేది కేంద్ర ప్రభుత్వమే, రాష్ట్రాలకి సంబంధం లేదు. 1953లో సెన్సారైన సినిమాలకి తొలి పురస్కారాలు 1954 అక్టోబర్ 10న ఇచ్చారు. కళాపరంగా, సాంకేతికంగా ఉన్నతంగా ఉండి, విద్యా సాంస్కృతిక విలువ కలిగిన చిత్రాలని ప్రోత్సహించాలన్నది ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం. ఆ మాటల్లోనే దాని స్వభావం తెలుస్తుంది. ఎవరు బాగా నటించారు, ఎవరు బాగా పాడారు అన్నది వాళ్ల లెక్కలో లేదు. దేశానికి పనికొచ్చే సినిమా ఏది అన్నదే లెక్క. తొలి ఏడాది రాష్ట్రపతి స్వర్ణ పతకం ఆచార్య అత్రే తీసిన మరాఠీ చిత్రం "శ్యామ్‌చి ఆయి"కి వెళ్లింది. బిమల్ రాయ్ "దో బీఘా జమీన్"కి యోగ్యతా పత్రం దక్కింది.

ఆ మరుసటి ఏడాది, అంటే 1954 సినిమాల నుంచి, ఒక్కో భాషలో ఉత్తమ చిత్రానికి రాష్ట్రపతి రజత పతకం, తర్వాతి స్థానాల్లో నిలిచిన వాటికి యోగ్యతా పత్రాలు ఇవ్వడం మొదలైంది. కొన్నేళ్లు కొన్ని భాషల్లో పతకం స్థాయికి ఏదీ రాలేదనుకుని పత్రంతోనే సరిపెట్టారు కూడా. మీరు పోస్టర్ల మీద చూసిన "రాష్ట్రపతి బహుమతి" ఈ పతకమో, ఈ పత్రమో అయి ఉంటుంది. గౌరవం నిర్మాతకి, దర్శకుడికి. నటీనటులకి విడిగా ఏమీ లేదు.

తెలుగులో తొలి రజత పతకం 1954లో వచ్చిన "పెద్దమనుషులు"ది. వాహినీ వారి సినిమా, దర్శకుడు కె.వి. రెడ్డి. ఊరి పెద్దల ముసుగు తీసిన కథ. ప్రధాన పాత్ర వేసింది జంధ్యాల గౌరీనాథ శాస్త్రి. ఆయన పేరు ఇవాళ ఎంతమందికి తెలుసు? పతకం నటుడికి కూడా ఇచ్చే రోజులైతే ఆ పేరు కనీసం క్విజ్ పుస్తకాల్లోనైనా మిగిలేది. అదే ఏడాది ఎన్టీఆర్ సొంత సంస్థ నేషనల్ ఆర్ట్ థియేటర్స్ తీసిన "తోడు దొంగలు"కి, భరణీ వారి "విప్రనారాయణ"కి యోగ్యతా పత్రాలు వచ్చాయి.

ఆ తర్వాతి సంవత్సరం మీ ప్రదర్శనకి చాలా ముఖ్యం. 1955లో రజత పతకం బి.ఎన్. రెడ్డి "బంగారు పాప"కి వచ్చింది. జార్జ్ ఇలియట్ రాసిన ఇంగ్లీషు నవల "సైలస్ మార్నర్" దాని మూలం. పాలగుమ్మి పద్మరాజు రచనతో అది మన నేల కథగా మారింది. కరడుగట్టిన కోటయ్య ఒక పసిపాపని చేరదీసి, ఆ పాప వల్ల మెత్తబడి మనిషవుతాడు. ఆ కోటయ్యే ఎస్వీ రంగారావు. ఆ సినిమాలోంచి ఆయన్ని తీసేస్తే మిగిలేదేమీ లేదు. చూపు, నడక, గొంతు, పాప వేలు పట్టుకున్నప్పుడు భుజాలు కాస్త కిందికి వాలడం, అన్నీ కలిపి ఒక జీవితాన్ని నిలబెట్టారు. ఆయన నటన గురించి ఒక్క సినిమా చెప్పమంటే చాలామంది కీచకుడినో, ఘటోత్కచుడినో చెప్తారు. నేను మాత్రం కోటయ్యనే చెప్తాను. ఆ సినిమాకి పతకం వచ్చింది, కానీ ఆయన పేరు మీద కాదు.

అదే ఏడాది పి. పుల్లయ్య "అర్ధాంగి"కి యోగ్యతా పత్రం వచ్చింది. అమాయకుడైన భర్తని తీర్చిదిద్ది నలుగురిలో నిలబెట్టే భార్యగా సావిత్రి, ఆ భర్తగా అక్కినేని. ఆ సినిమా బరువంతా మోసింది సావిత్రే. అప్పటికి ఆమెకి ఇరవై ఏళ్లు, అటూ ఇటూగా. అంటే ఒకే ఏడాది తెలుగుకి వచ్చిన జాతీయ గౌరవాల్లో ఒకటి ఎస్వీఆర్ సినిమాది, ఇంకొకటి సావిత్రి సినిమాది. ఫొటోల కింద రాయడానికి ఇంతకంటే మంచి విషయం ఏం కావాలి?

ఆ పైన జాబితా చూస్తే అడుగడుగునా వీళ్లే. "తోడికోడళ్ళు"లో ఇద్దరూ ఉన్నారు, పత్రం వచ్చింది. "మాంగల్య బలం" సావిత్రిది, దానికీ పత్రమే. "నమ్మినబంటు"లో ఇద్దరూ ఉన్నారు, రజత పతకం వచ్చింది. ఈ మూడూ ఆదుర్తి సుబ్బారావు తీసినవే. "డాక్టర్ చక్రవర్తి" కూడా ఆయనదే, 1964లో తెలుగు ఉత్తమ చిత్రం, అందులో సావిత్రి. అవార్డు పొందిన తెలుగు సినిమాల కుప్పలోంచి ఈ ఇద్దరి సినిమాలు పక్కకి తీస్తే ఆ కుప్ప సగానికి సగం తగ్గినట్టే కనిపిస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, లేకపోతే మీ ఫొటోల కింద సంవత్సరాలు తారుమారవుతాయి. జాతీయ పురస్కారం లెక్క సినిమా విడుదలైన ఏడాదిని బట్టి కాదు, సెన్సార్ సర్టిఫికెట్ వచ్చిన ఏడాదిని బట్టి. మన దగ్గర సంక్రాంతి రిలీజు పెద్ద పండగ. సంక్రాంతికి రావాల్సిన సినిమా డిసెంబర్‌లోనే సెన్సార్ పూర్తి చేసుకుంటుంది. అందుకని "మాంగల్య బలం" 1959 జనవరి 7న విడుదలైనా పురస్కారం 1958 జాబితాలో ఉంటుంది. "నమ్మినబంటు" 1960 జనవరి 7న వచ్చింది, పతకం 1959ది. ఎన్టీఆర్ తీసిన "సీతారామ కల్యాణం" 1961 జనవరి 6న వచ్చింది, పత్రం 1960ది. ఒక పరిశోధక విద్యార్థిని ఈ తేడా చూసి రెండు జాబితాల్లో ఒకటి తప్పని తేల్చేసి, సంవత్సరాలన్నీ విడుదల ప్రకారం సర్దేసుకుని నా దగ్గరకొచ్చింది. నాలుగు సినిమాల సెన్సార్ తేదీలు పక్కన పెట్టి చూపించాక ఆ అమ్మాయికే అర్థమైంది, రెండూ సరైనవేనని. మీరు విడుదల తేదీ వేరుగా, పురస్కారం సంవత్సరం వేరుగా రాయండి. గొడవే ఉండదు.

ఇక నటనకి జాతీయ అవార్డు సంగతి. 1967 సినిమాలకి ఇచ్చిన పదిహేనో పురస్కారాలతో అది మొదలైంది. ఉత్తమ నటుడికి "భరత్" అవార్డు, ఉత్తమ నటికి "ఊర్వశి" అవార్డు అని పేర్లు పెట్టారు. తొలి భరత్ బెంగాలీ నటుడు ఉత్తమ్ కుమార్, తొలి ఊర్వశి "రాత్ ఔర్ దిన్" చిత్రానికి నర్గీస్. దర్శకత్వానికి విడిగా అవార్డు కూడా అదే ఏడాది వచ్చింది, సత్యజిత్ రాయ్ అందుకున్నారు. ఆలోచించండి, "పథేర్ పాంచాలి"కి 1955లోనే స్వర్ణ పతకం వచ్చినా, ఉత్తమ దర్శకుడు అనే అవార్డు రాయ్‌కి రావడానికి 1967 దాకా ఆగాల్సి వచ్చింది. విభాగమే లేనప్పుడు ఎవరైనా చేసేదేముంది?

నర్గీస్ సంగతి కూడా చూడండి. ఆమె పేరు చెప్తే దేశమంతా గుర్తొచ్చేది 1957 నాటి "మదర్ ఇండియా". దానికి ఆమెకి జాతీయ ఉత్తమ నటి అవార్డు లేదు. సినిమాకి యోగ్యతా పత్రం వచ్చింది, అంతే. ఆమెకి ఉత్తమ నటి అని 1958లో బహుమతి ఇచ్చింది చెకొస్లొవేకియాలోని కార్లొవి వారి చలనచిత్రోత్సవం. దిలీప్ కుమార్‌కి జాతీయ ఉత్తమ నటుడు అవార్డు ఎన్నడూ రాలేదు. మీనా కుమారికి రాలేదు. శివాజీ గణేశన్‌కి ఉత్తమ నటుడిగా రాలేదు. కాబట్టి ఈ ఒక్క విషయంలో సావిత్రికి తెలుగుదనం వల్ల అన్యాయం జరిగిందనలేం. ఆ తరం మొత్తానికీ ఆ తలుపు లేదు.

మన కథలో కార్లొవి వారి లాంటిది జకార్తా. 1964లో అక్కడ జరిగిన ఆఫ్రో ఆసియా చలనచిత్రోత్సవంలో "నర్తనశాల" ప్రదర్శించారు. కీచకుడిగా ఎస్వీ రంగారావుకి ఉత్తమ నటుడి బహుమతి, కళా దర్శకుడు టి.వి.ఎస్. శర్మకి ఉత్తమ కళా దర్శకత్వ బహుమతి వచ్చాయి. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. ఎందుకంటే మీ ప్రశ్నకి సగం జవాబు ఇందులోనే ఉంది. నటనకి విడిగా బహుమతి పెట్టిన చోటికి మన మనిషిని తీసుకెళ్తే, గెలుచుకొచ్చాడు. అదీ భాష తెలియని న్యాయనిర్ణేతల ముందు, మహాభారతంలో విరాట పర్వం అంటే ఏమిటో తెలియనివాళ్ల ముందు. ఎస్వీఆర్ ఫొటోల్లో పెద్దది ఇదే పెట్టండి. కింద వాక్యం కూడా ఇదే రాయండి.

నంది గురించి తొందరగా చెప్పేస్తాను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1964 సినిమాలకి ఈ అవార్డులు మొదలుపెట్టింది. లేపాక్షి నంది పేరు పెట్టి బంగారు, వెండి, కంచు నందులుగా చిత్రాలకి ఇచ్చేవారు. తొలి బంగారు నంది "డాక్టర్ చక్రవర్తి"కి వెళ్లింది. అంటే తొలి నంది చిత్రం నాయిక సావిత్రి. తర్వాత "అంతస్తులు", "రంగుల రాట్నం", "సుడిగుండాలు" వరసగా అందుకున్నాయి. 1968లో బంగారు నంది "బాంధవ్యాలు"కి వచ్చింది. దాని దర్శకుడు ఎవరనుకున్నారు, ఎస్వీ రంగారావే. కాబట్టి ఆయనకి నందితో సంబంధమే లేదని రాయకండి. ఉత్తమ నటుడు నంది లేదు, కానీ ఆయన దర్శకత్వం వహించిన సినిమాకి బంగారు నంది ఉంది. నటులకి నంది ఇవ్వడం 1977లో మొదలై, తొలిసారి "అమరదీపం" చిత్రానికి కృష్ణంరాజు అందుకునేనాటికి ఎస్వీఆర్ పోయి మూడేళ్లు. ఆయన 1974 జులైలో కన్నుమూశారు. సావిత్రి ఉన్నారు గానీ, అప్పటికి నాయిక పాత్రల కాలం దాటిపోయింది. 1981 డిసెంబర్‌లో ఆమె వెళ్లిపోయారు.

ఫిల్మ్‌ఫేర్ గురించి కూడా అడుగుతారని తెలుసు. 1954 మార్చి 21న బొంబాయి మెట్రో థియేటర్‌లో మొదటి ఉత్సవం జరిగింది. అప్పుడున్నవి ఐదే విభాగాలు. పాఠకుల ఓట్లతో ఎంపిక. కాకపోతే అదంతా హిందీకే. దక్షిణాది భాషలకి 1963 సినిమాల నుంచి ఇచ్చారు, అదీ ఉత్తమ చిత్రానికి మాత్రమే. తెలుగులో తొలి ఫిల్మ్‌ఫేర్ "నర్తనశాల"కే. అందులో ద్రౌపది సావిత్రి, కీచకుడు ఎస్వీఆర్. తెలుగు నటీనటులకి విడిగా ఇవ్వడం 1972 సినిమాలతో మొదలైంది, "బడిపంతులు"కి ఎన్టీఆర్ అందుకున్నారు. హిందీలో నటించిన మనవాళ్లకి మాత్రం అంతకుముందే దారి ఉంది. "మూగ మనసులు"ని ఆదుర్తి హిందీలో "మిలన్"గా తీస్తే, జమున దానికి ఉత్తమ సహాయ నటి ఫిల్మ్‌ఫేర్ గెలిచారు. తెలుగు మూలంలో ఆమె పక్కనే నటించిన సావిత్రికి ఆ అవకాశమే లేదు, ఎందుకంటే తెలుగు వరుసలో ఆ కుర్చీ వేయలేదు.

ఇప్పుడు చిన్నచూపు దగ్గరికి వద్దాం.

1967 తర్వాత పరిస్థితి మారింది. విభాగాలు వచ్చాయి. అప్పుడేం జరిగిందో చూడండి. 1968 సినిమాలకి ఉత్తమ నటి తెనాలి అమ్మాయి శారద. అదే ఏడాది ఉత్తమ గాయని విజయనగరం అమ్మాయి పి. సుశీల, గాయనులకిచ్చిన తొలి జాతీయ అవార్డు ఆమెదే. ఇద్దరూ మనవాళ్లే. కానీ శారదకి వచ్చింది మలయాళ చిత్రం "తులాభారం"కి, సుశీలకి వచ్చింది తమిళ చిత్రం "ఉయర్న్ద మనిదన్"లోని పాటకి. ఆ "తులాభారం" తెలుగులో "మనుషులు మారాలి"గా వచ్చినప్పుడు శారదే మళ్లీ నటించారు, మన జనం ఏడ్చి ఏడ్చి చూశారు. తెలుగు సినిమాలో నటనకి జాతీయ ఉత్తమ నటి అవార్డు మాత్రం 1978 పురస్కారాల్లో "నిమజ్జనం" దాకా రాలేదు, అప్పుడూ శారదకే. ఉత్తమ నటుడు తెలుగు సినిమాకి రావడానికి 2021 సినిమాల దాకా ఆగాం. దేశం మొత్తమ్మీద ఉత్తమ చిత్రం తెలుగుది కావడానికి 2015 "బాహుబలి" దాకా పట్టింది. మలయాళం 1965లోనే "చెమ్మీన్"తో, కన్నడం 1970లో "సంస్కార"తో స్వర్ణ పతకం ఇంటికి తెచ్చుకున్నాయి.

దీన్ని నేను పూర్తిగా ఢిల్లీ మీదకి నెట్టను. 1960ల చివర నుంచి న్యాయనిర్ణేతలు కోరుకున్నది తక్కువ ఖర్చుతో, నేల మీద నడిచే వాస్తవిక కథ. మన బలం పౌరాణికాలు, జానపదాలు, కన్నీటి కుటుంబ కథలు, పాటలు. ఆ రెండింటికీ పొంతన కుదరలేదు. కేరళ, బెంగాల్, కర్ణాటకల్లో సాహిత్యం, ఫిల్మ్ సొసైటీలు, సినిమా ఒకరి చేయి ఒకరు పట్టుకుని నడిచాయి. మన దగ్గర బి.ఎన్. రెడ్డి, ఆదుర్తి లాంటివాళ్లు ఒంటరిగా ప్రయత్నించారు. "సుడిగుండాలు" తీయడానికి అక్కినేని, ఆదుర్తి తామే సంస్థ పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ దారిలో వాళ్ల వెనక నడిచినవాళ్లు చాలా తక్కువ. అయితే పౌరాణికంలో నటన ఉండదు, అది నాటకం అన్న అభిప్రాయం విమర్శకుల్లో బలంగా ఉండేది. అది తప్పుడు అభిప్రాయం. కీచకుడి కామం, భయం, అహంకారం ఒకే చూపులో పలికించడం ఏ వాస్తవిక నటుడికైనా పరీక్షే.

అసలైన అన్యాయం ఎక్కడుందో చెప్తాను. పద్మ పురస్కారాలు 1954 నుంచే ఉన్నాయి. అక్కడ విభాగం లేదన్న సాకు చెల్లదు. చిత్తూరు నాగయ్యకి 1965లో పద్మశ్రీ వచ్చింది, 1968లో ఎన్టీఆర్, అక్కినేని ఇద్దరికీ వచ్చింది, 1970లో ఘంటసాలకి వచ్చింది. అందరూ అర్హులే, ఎవరినీ తక్కువ చేయను. కానీ సావిత్రికి రాలేదు, ఎస్వీ రంగారావుకి రాలేదు. జకార్తాలో దేశానికి బహుమతి తెచ్చిన నటుడు ఆ తర్వాత పదేళ్లు బతికి ఉన్నాడు. ఆ పదేళ్లలో ఏ జనవరి 26న చూసినా ఆయన పేరు లేదు. రెండు భాషల్లో అగ్ర నాయికగా నిలిచిన సావిత్రి పేరు కూడా లేదు. మీ కోపానికి సరైన చోటు ఇది. ప్రదర్శనలో ఒక బోర్డు ఈ విషయానికే కేటాయించినా నేను తప్పుపట్టను.

జనం మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. ఆ కాలంలో సన్మానం, శాలువా, బిరుదు, ఊరేగింపు, ఇవే అవార్డులు. "విశ్వనట చక్రవర్తి" అని, "మహానటి" అని, తమిళనాట "నడిగైయర్ తిలగం" అని పిలుచుకున్నారు. ప్రభుత్వం తరఫున వచ్చిన గుర్తింపుగా తపాలా బిళ్లలు ఉన్నాయి. సావిత్రి బొమ్మతో 2011లో, భారతీయ సినిమా నూరేళ్ల సందర్భంగా 2013లో వేసిన వరుసలో ఎస్వీఆర్ బొమ్మతో వచ్చాయి. స్టాంపులు సేకరించేవాళ్ల దగ్గర దొరుకుతాయి, ప్రదర్శనలో పెడితే పిల్లలు ఆగి చూస్తారు. ఇంకొకటి కూడా రాయండి. సావిత్రి జీవితం మీద వచ్చిన "మహానటి"లో ఆమె పాత్ర పోషించినందుకు కీర్తి సురేశ్‌కి 2018 జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. ఆ అవార్డు సావిత్రి చేతికి రాలేదు, సావిత్రిలా నటించినవాళ్లకి వచ్చింది.

నెట్‌లో ఒక మాట తిరుగుతోంది, మీరూ చూసే ఉంటారు. 1960 నాటి "చివరకు మిగిలేది"కి సావిత్రికి రాష్ట్రపతి అవార్డు వచ్చిందని. ఆ సినిమాలో నర్సుగా ఆమె నటన అసామాన్యం, అందులో రెండో మాట లేదు. కానీ నటనకి జాతీయ అవార్డు 1967 సినిమాలతో మొదలైందని పైన చెప్పాను కదా, కాబట్టి దాన్ని "జాతీయ ఉత్తమ నటి" అని మాత్రం రాయకండి. ఇలాంటి మాటలు ఎలా పుడతాయో నేను దగ్గరుండి చూశాను. ఒక ఊళ్లో పాతతరం నటుడికి సన్మానం పెట్టి, ఆహ్వాన పత్రిక మీద "జాతీయ ఉత్తమ నటుడు అవార్డు గ్రహీత" అని అచ్చు వేయబోతూ నాకు చూపించారు. ఇంట్లో గోడకి యోగ్యతా పత్రం నకలు ఒకటి ఫ్రేము కట్టి ఉంది. అది సినిమాకి ఇచ్చినది, నిర్మాత ప్రేమతో ఒక నకలు ఆయనకి పంపించారు. పిల్లలు పుట్టినప్పటి నుంచి దాన్ని గోడ మీద చూస్తూ నాన్నగారి అవార్డు అనుకున్నారు. వాళ్ల తప్పు లేదు. "జాతీయ పురస్కారం పొందిన చిత్రంలో ప్రధాన పాత్రధారి" అని మార్చమంటే వెంటనే ఒప్పుకున్నారు. ఆ పెద్దాయన కూడా, అదే నిజమండీ, ఇప్పుడు తృప్తిగా ఉంది అన్నారు.

ఫొటోల కింద ఏం రాయాలో నా ఉద్దేశం ఇదీ. పద్ధతి ఒక్కటే పాటించండి: సినిమాకి వచ్చినదాన్ని సినిమాకే రాయండి, మనిషికి వచ్చినదాన్ని మనిషికి రాయండి.

సావిత్రికి: "అర్ధాంగి, జాతీయ యోగ్యతా పత్రం పొందిన చిత్రం, 1955." "నమ్మినబంటు, రాష్ట్రపతి రజత పతకం పొందిన చిత్రం, 1959. విడుదల 1960 జనవరి." "డాక్టర్ చక్రవర్తి, తొలి బంగారు నంది పొందిన చిత్రం, 1964." "నర్తనశాల, తెలుగులో తొలి ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ చిత్రం, 1963."

ఎస్వీఆర్‌కి: "బంగారు పాప, రాష్ట్రపతి రజత పతకం పొందిన చిత్రం, 1955." "ఉత్తమ నటుడు, ఆఫ్రో ఆసియా చలనచిత్రోత్సవం, జకార్తా, 1964, నర్తనశాల." "దర్శకుడిగా: బాంధవ్యాలు, బంగారు నంది, 1968."

పోస్టర్లు పెట్టేటట్టయితే తొలి విడుదల పోస్టరా, తర్వాత మళ్లీ విడుదల చేసినప్పటిదా చూసుకోండి. పురస్కారాలు ప్రకటించేది సినిమా వచ్చిన చాలా నెలలకి. కాబట్టి "రాష్ట్రపతి బహుమతి పొందిన" అన్న అక్షరాలుంటే అది దాదాపుగా రెండో విడుదల పోస్టరే. దాని కింద తొలి విడుదల తేదీ వేసి "నాటి పోస్టర్" అనకండి. సందేహమున్న పోస్టర్ల ఫొటోలు ఇక్కడే పెట్టండి, కింద ప్రెస్సు పేరు, పంపిణీదారు పేరు స్పష్టంగా కనిపించేలా తీస్తే ఏ విడతదో చెప్పగలను.